నల్ల మూత, ఎర్ర గిన్నె

ఆ మంగళవారం పొద్దున పద్మనాభన్ వేసుకున్న పథకంలో ప్రమాదమనేది ఏ కోశానా లేదు. కుంకుడుకాయలు నానబెట్టాలి, గాజు సామాన్లను ఒక్కొక్కటిగా కడగాలి, పాత పంచెతో తుడవాలి, మ్యూజియం బీరువాల్లో మళ్ళీ సర్దాలి. శుక్రవారం మంత్రిగారు వస్తారు. ఆలోపల మిగిలిన పని అంతే. తన జీవితంలో ఏదీ అనుకున్నట్టు జరగలేదు గనక, న్యాయంగా ఇదొక్కటైనా జరగాలని అతడు ఆశపడ్డాడు. పద్మనాభన్ ఆశపడటం అరుదు. పడినప్పుడల్లా దేవుడి చూపు అతని మీదికి తిరుగుతుంది.

వేలూరు లాంగు బజారు వెనక సందులో కేశవన్ శెట్టియార్ అని ఒక వ్యాపారి ఉండేవాడు. తెల్లదొరలు బంగళాలు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు వేసిన వేలాల్లో ఆయన కట్‌గ్లాసు సామాన్లన్నీ పిచ్చిపట్టినట్టు కొన్నాడు. సారా సీసాలు, పూలకూజాలు, పన్నీరు బుడ్లు, ఏం పెట్టుకు తినాలో ఎవరికీ తెలియని పళ్ళేలు. పిల్లలు లేరు. చివరికి సామాన్లనూ, అవి ఉన్న ఇంటినీ ప్రభుత్వానికి రాసిచ్చి కన్ను మూశాడు. ప్రభుత్వం బోర్డు తగిలించింది, కాపలాకూ తుడవడానికీ పద్మనాభన్‌ను తాత్కాలికంగా వేసింది, ఆ తర్వాత ఇంటినీ గాజునూ మనిషినీ కలిపి మరిచిపోయింది. ఆ తాత్కాలికంలోనే పద్మనాభన్ తల నెరిసింది.

మ్యూజియానికి వచ్చేవాళ్ళలో సగం మంది వాన తప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు. మిగతా సగం, పెద్దాసుపత్రిలో తమ మనిషిని పడుకోబెట్టి, డాక్టరు పిలిచేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియనివాళ్ళు. వాళ్ళు గాజును చూడరు. గాజు ముందు నిలబడి వేరే దేన్నో చూస్తుంటారు. పద్మనాభన్ వాళ్ళను కదిలించేవాడు కాదు. అతని భార్య కాంచన ఆ ఆసుపత్రిలోనే పోయింది. ఆమె అక్కడ ఉన్న నెలల్లో అతడు కూడా అదే గదిలో, అదే బెంచీ మీద, ఎర్ర గిన్నెకు ఎదురుగా కూర్చునేవాడు.

ఎర్ర గిన్నె మొత్తం సామాన్లలోకి అందమైనది. పైన దానిమ్మ గింజ రంగు, ఆ ఎరుపును రాతి చక్రం మీద చెక్కిన చోటల్లా లోపలి తెల్ల గాజు నక్షత్రాలుగా బయటపడుతుంది. దాని గాజు మూత శెట్టియార్ కాలంలోనే పగిలితే, ఆయన నల్లచేవ కర్రతో కొత్త మూత తిప్పించాడు. పొద్దుటి ఎండ తూర్పు కిటికీలోంచి పడితే గోడ మీద ఎర్రటి చుక్కలు కదులుతాయి. కాంచన పోయాక పద్మనాభన్‌కు ఈ లోకంలో చూడాలనిపించింది ఆ చుక్కలనే. ఆ గది తప్ప తనకు వెళ్ళేందుకు ఇంకో చోటు లేదని అతనికి తెలుసు.

అందుకే శుక్రవారం అంత ముఖ్యమైంది. ఉద్యోగాన్ని పర్మినెంటు చేస్తున్నట్టు మంత్రిగారు సభలోనే ప్రకటిస్తారట. ఉద్యోగంతో పాటు, అతడు ఇప్పుడు ఉంటున్న మ్యూజియం వెనక వాటా కూడా. మద్రాసు అధికారి రాఘవన్ పోయిన వారం వచ్చి ఆ మాట చెప్పి, "సామాను ఒక్కటి తగ్గినా నన్నడగొద్దు" అని కూడా చెప్పి వెళ్ళాడు. రాఘవన్‌ది తెలుగు ఇల్లే. ఆఫీసులో తమిళం, పైవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడతాడు. చెడ్డ కబురు చెప్పాల్సివస్తే మాత్రం తెలుగులోకి దిగుతాడు.

మంత్రిగారి కోసం గోడలకు సున్నం వేయించారు. సున్నం పడకుండా సామాన్లన్నీ వెనక వాటాలోకి మార్చి, గుడ్డల్లో చుట్టి వంటింటి అటక కింద పేర్చారు. పద్మనాభన్ తొట్టిలో కుంకుడు నురగ లేపి, మూటలు ఒక్కొక్కటీ విప్పాడు. చివరి మూట విప్పితే అందులో గుడ్డ ఒక్కటే ఉంది.

"అక్కా, ఎర్ర గిన్నె యాడ?"

అక్క తంగమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటున్న మనిషి. "అంజలై అడిగితే ఇచ్చినా నాయనా. నిన్న పుష్పవల్లి పెండ్లి కదా. వాకిట్లో కలకండ పెట్టేదానికి మంచి గిన్నె లేదనింది. నువ్వు పెండ్లికి గూడా రాకుండా సున్నం వాళ్ళ ఎనకాల ఉంటివి."

"అది మనదా అక్కా, ఎత్తి ఇచ్చేదానికి?"

"మనింట్లో ఉండాది కదప్పా. పెండ్లికని అడిగితే లేదనే నోరు యాడ తెచ్చేది? కాంచన ఆసుపత్రిలో ఉన్నన్ని దినాలు కూడు వండి మోసింది ఎవరు?"

అంజలై ఎదురింటి మనిషి, మొగుడు లేదు, ఒక్కతే కూతురు. ఆమె క్యారియరు మోయకపోయి ఉంటే ఆ నెలల్లో పద్మనాభన్ అన్నమే తినేవాడు కాదు. సరే, పెళ్ళయిపోయింది, వెళ్ళి తెచ్చుకుంటే సరిపోతుందనుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఖాళీగా ఇచ్చినా అనుకుంటివా? గిన్నె నిండా కలకండ పోసి, పసుపు కుంకం పెట్టి, తాంబూలం పెట్టి నేనే పెండ్లి పందిట్లోకి ఎత్తకపోయి ఇచ్చినా" అంది తంగమ్మ గర్వంగా.

పద్మనాభన్ అక్కడే పీట మీద కూలబడ్డాడు. ఆ వీధిలో రెండు కట్టుబాట్లున్నాయి. శుభకార్యానికి గిన్నెను ఖాళీగా పంపకూడదన్నది ఒకటి. పసుపు కుంకుమలతో, తాంబూలంతో పోయింది అరువు కాదు, సీరు, అంటే పిల్లకు పెట్టిన కానుక. దాన్ని తిరిగి అడిగితే పిల్ల కాపురాన్ని తిరిగి అడిగినట్టే అన్నది రెండోది. రెండూ తంగమ్మకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిన్న మొదటిది గుర్తొచ్చింది. తమ్ముడి ముఖం చూశాక రెండోది గుర్తొచ్చి, ఆమె చేట పక్కన పెట్టింది.

అంజలై వాకిట్లో పందిరి విప్పుతున్నారు. పద్మనాభన్‌ను చూడగానే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అన్నా, నా మానం కాపాడినావు. మాప్పిళ్ళ ఇంటివాళ్ళు కట్చి మనుషులు కదా, అయ్యవారు వద్దు, మంత్రాలు వద్దు అనిరి. సరే అంటిమి. తాయిమామ సీరు యాడ అని మాత్రం అడిగినారు. నాకు కూడబుట్టినోడు ఉంటే కదా. తల యాడ పెట్టుకునేదో తెలీక నిలబడినా. అప్పుడే తంగమ్మక్క గిన్నె ఎత్తుకోని వచ్చింది. ఇదో, మా పద్మనాభన్నే తాయిమామ అని మైకులో చెప్పించేసినా. తప్పా అన్నా?"

కట్చి అంటే పార్టీ, తాయిమామ అంటే మేనమామ. పద్మనాభన్ నోరు తెరిచాడు. విప్పిన పందిరి గుంజలు పడివున్న ఆ వాకిట్లో, ఏడుస్తూ నవ్వుతున్న ఆ మనిషి ముందు, అందులోంచి ఒక్క మాటే బయటికి వచ్చింది.

"తప్పేముందిమ్మా."

గిన్నె పెళ్ళికూతురితో పాటు పొద్దున్నే గుడియాత్తం వెళ్ళిపోయిందట. పద్మనాభన్ బస్సెక్కాడు. విరించిపురం దాటేదాకా వాన పడుతూనే ఉంది, అయినా పాలారులో చారెడు నీళ్ళు లేవు. నెత్తిన పడే వాన కూడా ఏటికి చేరని ఊళ్ళు ఇవి. ఎవరినీ నొప్పించకుండా గిన్నెను ఎలా అడగాలో బస్సులో కూర్చుని వాక్యాలు తయారు చేశాడు. ఒక్కో ఊరు దాటినకొద్దీ వాక్యం మరింత మర్యాదగా తయారై, గుడియాత్తం చేరేసరికి అందులో గిన్నె ప్రస్తావనే లేకుండా పోయింది.

పెళ్ళికొడుకు తండ్రి చౌడప్ప లుంగీలు నేయించే మేస్త్రీ. నాలుగు వీధులకు వినిపించే మగ్గాలు, అంతకంటే దూరం వినిపించే గొంతు. ఊళ్ళో పార్టీ శాఖకు కార్యదర్శి. ముందు గదిలో గోడ నిండా నాయకుల పటాలు, వెనక వంటింట్లో కులదేవత చౌడమ్మ తల్లి పటం. సభల్లో ఆయన మాట్లాడే తమిళం ఆయన భార్యకే అర్థం కాదు. ఇంట్లో మాత్రం తెలుగే.

"తాయిమామ వచ్చినాడు. ఆకు వెయ్యండి" అన్నాడు చౌడప్ప.

చేతులు కడుక్కునేలోపే అరిటాకు పడింది, దాని మీద వడ పడింది. పుష్పవల్లి కొత్త పసుపుతాడుతో వచ్చి కాళ్ళకు మొక్కి, "మామా" అని పిలిచింది. పద్మనాభన్‌ను అలా పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. కాంచన ఉంటే ఈ ఈడు కూతురు ఉండేదేమోనని అనిపించి, వడ ఆకు మీదే పెట్టేశాడు. నీళ్ళు తాగి, మెల్లగా అసలు సంగతికి వచ్చాడు.

"ఆ గిన్నె ఒకసారి చూసిపోదామని వచ్చినా."

మగ్గం ఒకటి ఆగింది. చౌడప్ప ముఖం మారింది.

"సీరు భద్రంగా పెట్టుకున్నారా, అమ్ముకున్నారా అని చూసేదానికి వచ్చినారా? పెండ్లయి ఒక దినం కాలేదు."

"అయ్యో, అది కాదు."

"మరి యామిటికప్పా?"

పుష్పవల్లి మామగారి వెనక నిలబడి పద్మనాభన్‌నే చూస్తోంది. పుట్టింటి నుంచి వచ్చిన మొదటి మనిషి మొదటి రోజే తగాదా పెట్టుకుని పోతే తన గతి ఏమిటన్న భయం ఆ కళ్ళలో స్పష్టంగా ఉంది. అయినా పద్మనాభన్ తన ఉద్యోగాన్ని తలుచుకుని గుండె దిటవు చేసుకున్నాడు.

"ఆ గిన్నె నిజంగా సర్కారు సొత్తు."

చౌడప్ప ముఖం విచ్చుకుంది. లేచి వచ్చి పద్మనాభన్ చేతులు పట్టుకున్నాడు. "అట్ల చెప్పండి. ఈ మాట మీ నోట రావాలనే చూస్తా ఉన్నా. సర్కారు ఇప్పుడు మనదే కదా. నేనూ అదే అనుకున్నా. ఆ గిన్నె చూసినప్పుడే ఒళ్ళు జల్లుమనింది. పైన నలుపు, కింద ఎరుపు. మన జెండాని గాజులో చేసినట్టుండాది. ఇంట్లో పెట్టుకునే వస్తువా అది? సాయంత్రం ఆంబూరులో మంత్రిగారి సభ. మా శాఖ తరఫున ఆయనకి ఇచ్చేద్దామని పొద్దున్నే పంపించేసినా. మీకు మనసు కష్టమౌతుందేమో అని భయపడితిని."

పద్మనాభన్ పుష్పవల్లి వైపు చూశాడు. ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటోంది.

"కష్టమేముంది" అన్నాడు.

ఆంబూరుకు లారీలో బయలుదేరారు. నేతగాళ్ళతో పాటు నిలబడి, తడుస్తూ, పద్మనాభన్ ఆఖరి ఉపాయం ఆలోచించాడు. మంత్రిగారి పి.ఎ.ను వేదిక వెనక పట్టుకుని ఉన్న మాట చెప్పేయాలి. చదువుకున్నవాడు అర్థం చేసుకుంటాడు. ఆంబూరులో ఒక పక్క తోళ్ళ కంపు, ఇంకో పక్క బిరియానీ వాసన, మధ్యలో మైదానం నిండా గొడుగులు. వేదిక వెనక్కి వెళ్ళిన పద్మనాభన్‌ను చౌడప్ప చూశాడు. తాయిమామకు వేదిక ఎక్కాలని ఉన్నా నోరు తెరిచి అడగలేక వెనక తచ్చాడుతున్నాడని ఆయనకు తోచింది. మంచి మనసుతోనే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

అవతల ఎవరో మైకులో, నరాల్లో నలుపు ఎరుపులు తప్ప వేరే రంగు లేని తొండన్ అని పద్మనాభన్‌ను పరిచయం చేశారు. తొండన్ అంటే జెండా మోసే కార్యకర్త. పద్మనాభన్ అంతవరకు ఓటు వేసే రోజున కూడా గాజే తుడిచాడు. మెడలో శాలువ పడింది. చేతుల్లో గిన్నె పడింది. సున్నం వేసిన నాటి నుంచీ దాన్ని ముట్టుకోలేదు. చేతికి ఆ కోతలు తగలగానే దాన్ని పట్టుకుని దూకి పారిపోదామనిపించింది. కాళ్ళు మాత్రం ముందుకే నడిచాయి. మంత్రిగారు అందుకున్నారు. ఫోటోవాడు లైటు కొట్టాడు.

"ఇందులో ఏం పెడతారయ్యా?" అని మంత్రిగారు తమిళంలో చిన్నగా అడిగారు.

"కలకండ" అన్నాడు పద్మనాభన్.

బుధవారం పేపర్లో ఫోటో పడింది. తంగమ్మ దాన్ని కత్తిరించి దేవుడి గూట్లో అంటించింది. తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగా తినకపోతే, శాలువ కప్పుకుని వానలో తడిసినందుకు జలుబు చేసిందనుకుని మిరియాల చారు పెట్టింది. పద్మనాభన్ బీరువాల్లో సామాన్లు సర్దాడు. ఎర్ర గిన్నె ఉండే చోట ఇంకోటి పెట్టడానికి చెయ్యి రాలేదు. అక్కడ పట్టుగుడ్డ పరిచి అలాగే వదిలేశాడు.

శుక్రవారం పొద్దున రాఘవన్ లోపలికి వచ్చి, బీరువాలు చూసుకుంటూ వెళ్ళి, ఆ ఖాళీ ముందు ఆగాడు. "ఇక్కడ..." అని తెలుగులో మొదలుపెట్టాడు. అంతలో బయట టపాకాయలు పేలాయి. మంత్రిగారి కారు వచ్చింది.

మంత్రిగారి ప్రసంగం గాజు గురించి మొదలై, మగ్గాల మీదుగా, తోళ్ళ ఎగుమతుల మీదుగా సాగి, చివరికి ఒక పెట్టె దగ్గర ఆగింది. "ఆంబూరు సభలో ఒక పేద తొండన్ నాకు ఈ పాత్ర ఇచ్చాడు. జెండా రంగుల్లో ఉన్న ఈ పాత్ర నా ఇంట్లో ఉండకూడదు, ప్రజల సొత్తుగా ఉండాలి. ఈ మ్యూజియానికి నా కానుకగా ఇస్తున్నాను" అన్నారు. పెట్టె తెరిచారు. నల్ల మూత, ఎర్ర గిన్నె. చప్పట్లతో కొత్త సున్నం రాలింది. దాన్ని తెచ్చి ఎక్కడ పెట్టాలా అని అందరూ వెతికితే, పట్టుగుడ్డ పరిచిన చోటు సిద్ధంగా ఉంది. రాఘవన్ పద్మనాభన్ భుజం తట్టి, "ముందే చోటు ఉంచినావే, గట్టివాడివి" అన్నాడు తమిళంలో. మంత్రిగారు ఉద్యోగాన్ని పర్మినెంటు చేస్తున్నట్టు ప్రకటించి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కాసేపు పద్మనాభన్ సంతోషంగా ఉన్నాడు. ఆ సంగతి దాచాల్సిన పని లేదు. బెంచీ మీద కూర్చుని గిన్నెను చూస్తూ, కాంచనకు మనసులోనే సంగతంతా చెప్పాడు. అది వెళ్ళిన దారులన్నీ తిరిగి తన చోటికే వచ్చింది, ఉద్యోగం కూడా నిలిచింది. తన జాతకంలో ఇలాంటి రోజు ఒకటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

మధ్యాహ్నం రాఘవన్ సామాన్లు లెక్క చూసి, కళ్ళద్దాలు తీశాడు.

"మంత్రిగారి కానుకకు కొత్త నంబరు వేశాను. అది సరే. మన పాత ఎర్ర గిన్నె యాడ పద్మనాభన్?" తెలుగులో అడిగాడు.

"ఇదే సార్ అది."

"ఇది మంత్రిగారిది."

"మంత్రిగారిది కాక ముందు మనదే సార్."

"అంటే మన గిన్నెను మంత్రిగారు మనకే కానుక ఇచ్చినారంటావా? ఆయన చేతికి అది ఎట్లా వచ్చింది?"

పద్మనాభన్ తువ్వాలుతో బీరువా అద్దం తుడిచాడు. బుధవారం పేపర్లో పడిన ఫోటో రాఘవన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె వంక చూసి గొంతు తగ్గించాడు.

"ఉన్నది ఉన్నట్టు రాస్తే, మంత్రిగారు సభలో దొంగసొత్తు అందుకున్నట్టవుతుంది. నువ్వు జైలుకు పోతావు. నేను శిక్ష బదిలీ మీద రామనాథపురం పోతాను. ఇంకోటేదైనా చెప్పప్పా."

"పగిలిపోయింది సార్" అన్నాడు పద్మనాభన్.

"ఆ. అట్లా చెప్పు. పెంకులు చూపించాలే?"

"పాలారులో వేసేసినా."

"మంచిది" అని రాఘవన్ రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ కలం ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడ్డాడు. "ఉన్నవాటిలోకెల్లా విలువైన సామాను పగలగొట్టినవాడిని పర్మినెంటు చేసేదానికి రూలు ఒప్పుకోదు. తాత్కాలికంగా ఉంచేదానికీ లేదు. ఎందుకంటే పోస్టు పర్మినెంటు అయిపోయింది కదా. వాటా ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యాల."

పర్మినెంటు పోస్టు ఖాళీగా ఉంటే పార్టీ ఊరుకోదు. ఆంబూరు సభ గుర్తున్న మంత్రిగారు గుడియాత్తం శాఖకు కబురు పెట్టారు. చౌడప్ప పెద్దగా ఆలోచించలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడం ఇష్టం లేని కొత్త పెళ్ళికొడుకు నాగరాజన్ ఇంట్లోనే ఉన్నాడు.

నెలాఖరున తంగమ్మ గిన్నెలు మూట కట్టింది. కాట్పాడి స్టేషను వెనక ఒక గది చూసుకున్నారు. బండి వాకిట్లో ఉండగానే ఇంకో బండి వచ్చి ఆగింది. కొత్త చాప, కొత్త బిందెలు, పుష్పవల్లి, నాగరాజన్ దిగారు. కూతురు ఎదురింటికే కాపురానికి వచ్చినందుకు అంజలై హారతి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పద్మనాభన్ ఎందుకు వెళ్ళిపోతున్నాడో వాళ్ళలో ఎవరికీ తెలియదు. పెద్దాయన విశ్రాంతి కోరుకుంటున్నాడని చౌడప్ప చెప్పాడు.

నాగరాజన్ మంచి పిల్లవాడే. వినయంగా కాళ్ళకు మొక్కాడు. పద్మనాభన్ అతన్ని హాల్లోకి తీసుకువెళ్ళి, కుంకుడు నురగ ఎంత పలచగా ఉండాలో, తుడిచేటప్పుడు గాజును ఎక్కడ పట్టుకోవాలో, తూర్పు కిటికీ ఏ వేళకు తెరవాలో చెప్పాడు. ఎర్ర గిన్నె కింద 'మంత్రిగారి కానుక' అని కొత్త చీటీ ఉంది. నాగరాజన్ దాన్ని చదివి, పద్మనాభన్ వైపు తిరిగాడు.

"మామా, మీరు లేకుంటే నాకు ఈ ఉద్యోగం యాడిది?"

"అది నిజమే నాయనా" అన్నాడు పద్మనాభన్. కిటికీ వంక చూడకుండా బయటికి వచ్చి బండెక్కాడు.

తాయిమామ సీరులో పట్టుచీర పెట్టినవాళ్ళున్నారు, వెండి చెంబు పెట్టినవాళ్ళున్నారు. ఉద్యోగం, ఇల్లు కలిపి పెట్టినవాడు మాత్రం ఉత్తరార్కాడు జిల్లా మొత్తానికి పద్మనాభన్ ఒక్కడే.